రెండేళ్ల ఏడు నెలలు తిరిగి ఇల్లు తీసుకున్నాను, సంచి మాత్రం ఇంకా గుమ్మం పక్కనే ఉంది

సంచి40:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా మీరంతా రాసేవి చదువుతున్నాను, నేను రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను అనువాదాలు చేస్తాను. లాప్‌టాప్ ఉంటే ఎక్కడినుంచైనా పని జరిగిపోతుంది. అందుకని అప్పట్లో ఉన్న ఇల్లు ఖాళీ చేసి, సామాను తెలిసినవాళ్లకి పంచేసి, నలభై లీటర్ల సంచి ఒకటి భుజాన వేసుకుని బయల్దేరాను. ఏడాది తిరుగుదాం అనుకున్నది రెండేళ్ల ఏడు నెలలయింది. ఒకచోట మూడు వారాలు, ఇంకోచోట మూడు రాత్రులు. పడుకున్న ప్రతి గదికీ ఒక అంకె వేసి చిన్న నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. చివరి గది 83. ఎవరో తరిమితే తిరగలేదు, ఇష్టపడే తిరిగాను. ఆపడం కూడా ఇష్టపడే ఆపాను. చివరి నెలల్లో ఏ ఊరు వెళ్లినా ముందు కిటికీలు చూసేదాన్ని, ఆ కిటికీ వెనక కూర్చుని పనిచేసుకునే మనుషుల్ని చూసి మనసు లాగేది.

ఇప్పుడు ఇల్లు తీసుకుని తొమ్మిది వారాలు. రెండు గదులు, వంటిల్లు, పని బల్ల వేసుకోవడానికి వెలుతురున్న మూల. ఇల్లు నాకు నిజంగా నచ్చింది. కొన్నేళ్లపాటు ఇక్కడే ఉండాలని గట్టిగా అనుకున్నాను. అనుకున్నాను గానీ, ఒళ్లు మాత్రం వినడం లేదు.

సంచి గుమ్మం పక్కనే ఉంది. బట్టలు అందులోంచే తీసి వేసుకుంటున్నాను, ఉతికి ఆరాక చుట్టలు చుట్టి మళ్లీ అందులోనే పెడుతున్నాను. టూత్‌బ్రష్ తడి తుడిచి జిప్ కవర్లో పడేస్తున్నాను. మొన్న రాత్రి నన్ను నేనే చూసుకుని ఆగిపోయాను. ఫోన్ ఛార్జింగ్ అవగానే ఛార్జర్ ప్లగ్గులోంచి పీకి, వైరు నాలుగు వేళ్లకీ చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, సంచి పక్క జేబులో పెడుతున్నాను. నా ఇంట్లో. నా ప్లగ్గులోంచి.

రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది. ఎడమ చెయ్యి స్విచ్ కోసం పోతుంది, అక్కడ గోడ తగులుతుంది. ఇది ఏ ఊరు, తలుపు ఎటుంది అనేది తెలిసేసరికి గుండె దడదడలాడుతూ ఉంటుంది. ప్రయాణాల్లో పడుకునేముందు మంచం నుంచి తలుపుకి ఎన్ని అడుగులో లెక్కపెట్టుకోవడం అలవాటు. ఇక్కడ ఏడు అడుగులు. ఏడే అని తెలిసినా తొమ్మిది వారాలుగా రోజూ లెక్కపెడుతున్నాను.

బట్టల అలమర కొందామని మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ ఉత్త చేతులతో వచ్చాను. పైగా నేను వాడని రెండో బాత్రూంలోంచి మురుగు వాసన మొదలైంది. ఎంత కడిగినా పోవడం లేదు. ఈ ఇల్లు కూడా నన్ను ఒప్పుకోవడం లేదేమో అనిపించి ఆ రోజు ఏడ్చాను.

చాలాకాలం తిరిగి ఒకచోట ఆగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మీకు ఎన్నాళ్లు పట్టింది? సామాను ఒక్కసారే సర్దేశారా? నేను ఒకచోట ఉండలేని మనిషిని అయిపోయానా అని టెన్షన్‌గా ఉంది.

12_4_వాచ్:

అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్లు సరుకు ఓడల్లో పనిచేసి దిగినవాణ్ణి. నీ ఛార్జర్ సంగతి చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ముందు నిద్ర సంగతి. నువ్వు గంటల తేడా ఉన్న చోటినుంచి వచ్చి ఉంటే, ఒళ్లు కొత్త సమయానికి సర్దుకోవడానికి గంటకి ఒక రోజు చొప్పున పడుతుందని మోటు లెక్క. తూర్పుకి వెళ్తే ఇంకాస్త కష్టం, పడమరకి వెళ్తే తేలిక, ఎందుకంటే మనిషి లోపలి గడియారం 24 గంటలకన్నా కొద్దిగా ఎక్కువే నడుస్తుంది. ఓడలో పడమటి దారి పట్టినప్పుడు గడియారం గంట వెనక్కి జరిపిన రాత్రి అందరికీ సుఖంగా ఉండేది. తూర్పు దారిలో గంట పోయిన ప్రతి రాత్రీ పొద్దున్న మొహాలు వాడిపోయి ఉండేవి. అయితే ఎంత చెడ్డా అది రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. తొమ్మిది వారాల తర్వాత వచ్చే మెలకువ జెట్ లాగ్ కాదు.

కొత్త చోట మొదటి రాత్రి నిద్ర పట్టకపోవడం అందరికీ ఉన్నదే. 2016లో బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని పరీక్షించి చూశారు. మొదటి రాత్రి మెదడులో ఎడమ సగం కుడి సగం అంత గాఢంగా నిద్రపోదు, చిన్న చప్పుడుకి కూడా ఉలిక్కిపడుతుంది. అంటే సగం మెదడు కాపలా కాస్తోందన్నమాట. డాల్ఫిన్లు రోజూ అలాగే పడుకుంటాయి, ఒక సగం నిద్ర, ఒక సగం మెలకువ. వాటిని ఓడ ముందు ఈదుతుండగా ఎన్నోసార్లు చూశాను గానీ, ఈ సంగతి తెలిసింది ఒడ్డుకి వచ్చాకే. మామూలు మనిషికి ఏడాదిలో అలాంటి మొదటి రాత్రులు నాలుగో అయిదో ఉంటాయి. నీకు రెండేళ్ల ఏడు నెలల్లో 83. ఇది నా ఆలోచన మాత్రమే, డాక్టరు మాట కాదు గానీ, అన్నిసార్లు కాపలా కాసిన మెదడు డ్యూటీ దిగమంటే ఒక్కరోజులో దిగదు.

నా సంగతి చెప్తాను. సెకండ్ ఆఫీసరుగా చాలా ఏళ్లు పన్నెండు నుంచి నాలుగు వాచ్ డ్యూటీ చేశాను. అంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు, మళ్లీ అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు. రాత్రి పదకొండున్నరకి ఎవరో ఒకరు తలుపు తట్టి లేపుతారు. ఉద్యోగం వదిలి ఇంటికొచ్చాక నెలలపాటు సరిగ్గా పదకొండున్నరకి లేచి కూర్చునేవాణ్ణి. తలుపు ఎవరూ తట్టలేదు. మా ఆవిడ నిద్ర చెడిపోతుందని చీకట్లోనే కూర్చునేవాణ్ణి.

ఇంకో బాధ నిశ్శబ్దం. ఓడలో ఇంజన్ మోత రాత్రీ పగలూ ఉంటుంది, ఆగితేనే భయం. నడిసముద్రంలో ఇంజన్ ఆగిందంటే పడుకున్నవాళ్లంతా ఒక్కసారి లేచిపోతారు. అలాంటిది ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే నిద్ర ఎలా పడుతుంది? అవసరం లేకపోయినా ఫ్యాన్ వేసుకుని పడుకున్నాను. సముద్రం బాగా ఊగేటప్పుడు దొర్లిపోకుండా పరుపు అంచుకింద లైఫ్ జాకెట్ దోపి, గోడకీ పరుపుకీ మధ్య ఇరుక్కుని పడుకునేవాళ్లం. ఇంట్లో మంచం వెడల్పుగా ఉంటే నాకు ఊపిరాడేది కాదు. మా ఆవిడ ఏమీ అడగకుండా నా పక్కన పొడుగు దిండు ఒకటి పెట్టింది. దానికి ఆనుకుని పడుకున్నాను. దాదాపు ఎనిమిది నెలలు.

నువ్వు అడుగులు లెక్కపెట్టడం మానొద్దు. దానంతట అదే పోనీ. దీపం మాత్రం ఎడమవైపు పెట్టుకో. చెయ్యి ఎటు పోతోందో అటే స్విచ్ ఉండాలి. ఇల్లు నీదే కదా. రాత్రి మూడింటి మెలకువ ఇంకా చాలా నెలలు ఉండి, పగలు పని చేసుకోలేకపోతే అప్పుడు డాక్టరుకి చూపించుకో, నాలాగా మొండికేయొద్దు.

పాత_గూడు:

ముందు ఏడుపు ఆపండి, ఆ వాసనకీ మీకూ సంబంధం లేదు. నేను ఇళ్ల మరమ్మతులు చేయించే పనిలో ఉన్నాను, ఇది వారానికోసారి వినే మాట.

బాత్రూం నేలలో నీళ్లు పోయే జాలీ కింద, వాష్‌బేసిన్ కింద పైపు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో దాదాపు రెండంగుళాల ఎత్తున నీళ్లు నిలిచి ఉండాలి. ఆ నీళ్లే మూత. మురుగు పైపులోని గాలిని పైకి రానివ్వనిది అవే. వాడని బాత్రూంలో కొన్ని వారాలకి ఆ నీళ్లు ఆవిరైపోతాయి, వాసన నేరుగా ఇంట్లోకి వస్తుంది. నేల ఎంత కడిగినా లాభం లేదు, జాలీలోకి నీళ్లు చేరాలి. ఒక బకెట్ నీళ్లు అందులో పొయ్యండి. బేసిన్‌లో కూడా పొయ్యండి. పైన రెండు చెంచాల వంటనూనె వేస్తే నీళ్లు తొందరగా ఆవిరి కావు. దీంతో పోకపోతే అప్పుడు పైపు జాయింట్లు చూపించాలి.

ఇంకో మాట. ఆ బాత్రూంలో షవర్ ఉంటే వారానికోసారి కాసేపు నీళ్లు వదలండి. పైపుల్లో గోరువెచ్చగా నిలవున్న నీళ్లలో, 20 నుంచి 45 డిగ్రీల మధ్య, లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా తెస్తుంది. మొదటిసారి వదిలేటప్పుడు తుంపర మొహం మీద పడకుండా బయటికి వచ్చెయ్యండి.

సంచి గురించి నా మాట సూటిగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. ఈ ఆదివారం ఖాళీ చేసేయండి. 83 గదుల్లో నేల మీద పెట్టిన సంచి అది. నల్లులు సంచి కుట్లలో, జిప్ మడతల్లో దాక్కుని వస్తాయి. పెద్దది అయిదు మిల్లీమీటర్లు ఉంటుంది, చూస్తే కనిపిస్తుంది. గుడ్లు మాత్రం టార్చి వేసి వెతకాలి. ఆహారం లేకుండా నెలల తరబడి బతుకుతాయి, కాబట్టి తొమ్మిది వారాలైంది ఏమీ కనిపించలేదు అని ఊరుకోవడానికి లేదు. బట్టలన్నీ 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికి, కుదిరితే డ్రయ్యర్‌లో అరగంట ఎక్కువ వేడి మీద తిప్పండి. అలా ఉతకడానికి వీల్లేని బట్టలుంటే వాటిని ఊరికే డ్రయ్యర్‌లో వేడి చేసినా చాలు, నల్లుల్ని చంపేది ఆ వేడే. సంచిని కుట్టు కుట్టూ చూసి, వాక్యూమ్ పెట్టి, అటక మీద పెట్టెయ్యండి. కళ్లముందు ఉన్నంతకాలం మీరు ప్రయాణంలోనే ఉంటారు.

అలమరకి తొందర లేదు. అది కొనే పని వేరు, సంచి దించే పని వేరు. ముందు ఒక అట్టపెట్టెలో పెట్టుకున్నా పర్వాలేదు.

సంచి40:

పాత_గూడు గారూ, సాయంత్రం ఆరింటికి రెండు బకెట్లు పోశాను. పడుకునేముందు వెళ్లి చూస్తే వాసన లేదు. పొద్దున్న కూడా లేదు. మూడు వారాలుగా ఆ తలుపు మూసి, కింద గుడ్డ కుక్కి ఉంచాను! నిన్న తలుపు తీసే ఉంచి పని చేసుకున్నాను. మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

వాచ్ సార్, మీ ఆవిడగారు పెట్టిన దిండు సంగతి రెండుసార్లు చదివాను. ఎడమవైపు నేల మీద చిన్న దీపం పెట్టాను.

సంచి టార్చి వేసి చూశాను, నల్లులు లేవు. బట్టలన్నీ ఉతికాను. అన్నీ ఆరి మంచం మీద కుప్పగా ఉన్నాయి. ఖాళీ సంచిని ఎత్తి అటక దగ్గరికి తీసుకెళ్లాను కూడా. పైకి పెట్టలేకపోయాను. చేతులు వణికాయి అంటే మీరు నమ్మాలి.

మలుపు:

అక్కా, పెట్టలేకపోతే పెట్టొద్దు. పాత_గూడు గారు చెప్పిన ఉతుకుడు నూటికి నూరుపాళ్లు కరెక్టు, అటక దగ్గర మాత్రం నేను ఒప్పుకోను.

నేను నాలుగేళ్లు నాటక బృందాలతో తిరిగాను, లైట్లు వేసే పని. పొద్దున్న ఒక హాల్లో లైట్లు ఎక్కించి, ఆట అయ్యాక అర్ధరాత్రి దించి, బండిలో వేసుకుని ఇంకో ఊరు. ఆపేసి ఇంటికి వచ్చిన రోజే సాయంత్రానికల్లా అన్నీ సర్దేసి, పెట్టె ఎవరికో ఇచ్చేశాను. నాకూ అప్పుడు అదే సలహా ఇచ్చారు. ఆ రాత్రి నుంచి వారంపాటు ఏ పని చేస్తున్నా ఏదో మర్చిపోయాననే గాబరా. బండి వెళ్లిపోయింది, నేను ఎక్కలేదు అన్నట్టు కలలు. చివరికి కొత్త పెట్టె ఒకటి కొని, మంచం కింద పెట్టి, రెండు జతల బట్టలు అందులో వేశాక నిద్ర పట్టింది. అది అక్కడ ఉందని తెలిస్తే చాలు నాకు. ఎప్పుడు ఖాళీ చేశానో గుర్తు కూడా లేదు.

ఇంకోటి ఎవరూ ముందు చెప్పరు. వెళ్లినప్పుడు కొత్తచోట కష్టంగా ఉంటుందని అందరూ అంటారు. కల్చర్ షాక్ అనే మాటని జనంలోకి తెచ్చిన కలెర్వో ఓబర్గ్ 1954లో ఇచ్చిన ప్రసంగం దాని గురించే. వచ్చాక కూడా అంతే కష్టం ఉంటుందని 1963లో జాన్ గల్లహార్న్, జీన్ గల్లహార్న్ అనే ఇద్దరు రాశారు. వెళ్లినప్పుడు ఒక పల్లం, వచ్చాక ఇంకో పల్లం. గీత గీస్తే ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా ఉంటుంది. అందరికీ అచ్చం ఇలాగే జరగదని తర్వాతి పరిశోధనల్లో తేలింది, అందుకని దాన్ని క్యాలెండరులా పట్టుకోవద్దు. నాకు మాత్రం రెండో పల్లమే లోతు. మొదటి పల్లంలో పక్కన పదిమంది బృందం ఉన్నారు. రెండోదాంట్లో ఒక్కణ్ణే ఉన్నాను. స్నేహితులు 'ఎలా సాగింది' అని అడిగి, నేను రెండు వాక్యాలు చెప్పేలోపు ఇంకో మాటలోకి వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకి ఆ ఊళ్లు పేర్లు మాత్రమే. నేను చెప్పుకోవడం మానేశాను, అది మంచిది కాదని ఇప్పుడు తెలుస్తోంది. మీ నోటుపుస్తకం ఉంది కదా, 83 గదులు. ఒక్కో గది గురించి పది వాక్యాలు రాయండి. ఎవరూ వినకపోయినా రాయండి.

ఎన్నాళ్లు అని అడిగారు కాబట్టి ఒక లెక్క చెప్తాను. లండన్ యూనివర్సిటీ కాలేజ్‌లో 96 మందితో చేసిన పరిశీలన 2009లో బయటికొచ్చింది. కొత్త అలవాటు ఆలోచించకుండా జరిగేంతగా పడటానికి కొందరికి 18 రోజులు, కొందరికి లెక్క కడితే 254 రోజులు, నడిమి సంఖ్య 66. అవి ఒక గ్లాసు నీళ్లు తాగడం లాంటి చిన్న అలవాట్లు. మీది ఇల్లు మొత్తం. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా తేడా రాలేదట, అది నాకు చాలా ధైర్యం ఇచ్చింది. అన్నీ కలిపి పెట్టుకోకండి, ఒక్కటే తీసుకోండి. ఛార్జర్ ప్లగ్గులోనే వదిలెయ్యడం. అంతే. స్విచ్ మాత్రం ఆపండి.

12_4_వాచ్:

ఈ బాబు చెప్పింది నిజం. నా ఓడ సంచి ఇప్పటికీ బీరువా పక్కనే ఉంది. అందులో మా ఆవిడ పాత దుప్పట్లు పెడుతుంది.

పాత_గూడు:

సరే, అటక మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను పుట్టిన ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉంటున్నాను, మీ ఇద్దరికీ తెలిసినది నాకు తెలియదు. సంచి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోండి, శుభ్రంగా ఉంటే చాలు.

సంచి40:

అయిదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

ఛార్జర్ ప్లగ్గులోనే ఉంటోంది. మొదటి నాలుగు రోజులు పడుకున్నాక లేచి వెళ్లి చూసేదాన్ని, ఉందా లేదా అని. రెండుసార్లు పీకేశాను కూడా, మళ్లీ పెట్టాను. ఇప్పుడు చూడటం లేదు. వైరు మీద చుట్టిన గుర్తులు, ఆ గట్టి వంపులు, కొద్దికొద్దిగా సాగి నేల మీద వదులుగా పడి ఉంటున్నాయి. టూత్‌బ్రష్‌కి ఒక గ్లాసు పెట్టాను.

గదులు రాస్తున్నాను. వరసగా కాదు, ఏది గుర్తొస్తే అది. ఇప్పటికి పంతొమ్మిది అయ్యాయి. 41వ గది రాస్తుంటే ఆ గది కిటికీ చెక్క వాన నీళ్లకి ఉబ్బి మూసుకునేది కాదని, రాత్రంతా నా చెప్పు అడ్డం పెట్టి పడుకున్నానని గుర్తొచ్చింది. అక్కడ ఉన్నప్పుడు విసుక్కున్నాను. రాస్తుంటే ఆ చెప్పు మీద పడిన తడి కూడా గుర్తుంది. మలుపు తమ్ముడూ, రాసినవాటిలో మూడు ఒక స్నేహితురాలికి పంపాను. నాలుగోది అడిగింది.

మూడింటి మెలకువ వారంలో రెండు మూడు రోజులు వస్తోంది. మొన్న రాత్రి కరెంటు పోయింది. దాహం వేసి లేచి, వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి వచ్చి పడుకున్నాను. దుప్పటి కప్పుకున్నాక గానీ తెలియలేదు, ఫోన్ లైటు వేయలేదని, అడుగులూ లెక్కపెట్టలేదని. మర్నాడు రాత్రి మళ్లీ లెక్కపెట్టాను. వాచ్ సార్, మీరన్నట్టు దాన్ని నేను ఆపడం లేదు.

సంచి గుమ్మం దగ్గర నుంచి పడకగదిలోకి వచ్చింది. లోపల నోటుపుస్తకం, ఒక జత బట్టలు.

అలమర రేపు వస్తోంది, చెక్కది. పాత_గూడు గారూ, పెట్టడానికి ఉన్న చోటు బయటి గోడ వైపే. గోడకి పూర్తిగా ఆనించి పెట్టొచ్చా?

పాత_గూడు:

ఆనించొద్దు. బయటి గోడ చల్లగా ఉంటుంది, వెనక గాలి ఆడకపోతే తేమ పట్టి బూజు వస్తుంది. రెండంగుళాల ఎడం వదలండి, కాళ్లున్న అలమర అయితే ఇంకా మంచిది. ముందుకి ఒరిగి పడకుండా పైన గోడకి క్లాంపు కూడా బిగించమనండి. తెచ్చినవాళ్లు వెళ్లిపోకముందే తలుపులు రెండూ తీసి వేసి చూడండి, నేల సమంగా లేకపోతే ఒక తలుపు కిందికి జారుతుంది, అప్పుడే అడుగున సన్నటి చెక్క ముక్క పెట్టించుకోవాలి.